మూడో పొయ్యిరాయి

నవ్వొద్దు మరి, ముందే చెప్తున్న. నవ్విండ్రంటె సగంల ఆపి లేసిపోత.

మొన్న ఐతారం నాడు నోరు జారిన రాధక్కా! నలభై ఏండ్ల పైననే కడుపుల దాసుకున్న ముచ్చట పుటుక్కున బయటపడ్డది. ఏందంటె, మా పాత కారును నాటుమడిల దింపింది నేనే. అవును, వరి నాటే మడిలనే! ఇన్నేండ్లు ఆ పాపం ఇంకొకాయన నెత్తిమీద ఉండె. జర ఆగు, చాయ ఇంకింత పొయ్యి, మొదటికెళ్లి చెప్త.

మీరెవ్వరు ఆ కారును సూడలే. విలాయతి బండి. కాజీపేట రైల్వేల పెద్ద కొలువు చేసే సారు ఒకాయన బదిలయి పోతపోత మా మామకు అమ్మిండట. నేను కాపురానికి వచ్చేటాలకే దానికి నాకంటె ఎక్కువ వయసు. డ్రైవర్ దిక్కు తలుపు బయటి నుంచే తెరుసుకుంటది, లోపటి నుంచి ఎంత గుంజినా రాదు. హారన్ కొడితే వైపర్ ఊగుతది. బ్రేకు ఒక్కసారి తొక్కితే పడదు, నాలుగుసార్లు గబగబ తొక్కాలె. ఇవన్ని మా ఇంటోళ్లకే ఎరుక. కొత్తోళ్లు కూసున్నరంటె అంతే సంగతులు.

మా ఆయనకు ఈ కారు పిచ్చి అరవై తొమ్మిదిల పట్టింది. అప్పుడు హన్మకొండల డిగ్రీ సదువుతుండె. తెలంగాణ లొల్లిల కాలేజీలు బందయినయి. ఈయన జులూస్‌ల పోయి, వీపుమీద లాఠీ దెబ్బ తిని ఇంటికొచ్చిండు. మా మామ ఏమన్నడట? "ఇగ గడప దాటితే కాళ్లిరగ్గొడుత. షెడ్డుల కారు సచ్చి పడ్డది, దాన్ని సూసుకుంట కూసో!" జనగామల లారీలు బాగు చేసే ఉస్తాద్ ఒకాయన ఉండె, ఆయనను పిలిపిచ్చి పక్కన కూసోబెట్టిండు. ఏడాది సదువు పోయింది గని ఇంజన్ విప్పి సాప మీద పరిసి, మళ్ల ఎక్కడిదక్కడ బిగించుడు వచ్చింది. అంత బిగించినంక నాలుగు నట్లు మిగిలినయట. "అవి లేకుంటనే నడుస్తున్నది సూడు" అని ఇప్పటికి గొప్పలు చెప్తడు.

పెండ్లయి వచ్చినంక నాకు తెలిసింది, ఆ కారు సామాను దుకాన్ల దొరకదు, నా వంటింట్ల దొరుకుతది. రేడియేటర్ కారితే పసుపు. కూరలల్ల ఏసినదానికంటె రేడియేటర్ల పోసిన పసుపే ఎక్కువ. పెట్రోల్ టాంకి కారితే ఒళ్లు రుద్దుకునే సబ్బు మెత్తగ పిసికి అతికిచ్చుడు. బ్రేకు నూనె ఐపోతె ఆముదం. ఎండకాలం పెట్రోల్ పంపు వేడెక్కి బండి ఆగితే దానిమీద తడిగుడ్డ ఎయ్యాలె. ఎవరి గుడ్డ? మా పిల్ల ఉయ్యాలల గుడ్డ!

ఒకసారి నడిరోడ్డు మీద ఫ్యాన్ బెల్టు తెగింది. ఈయన బానెట్ ఎత్తి సూసిండు, తలకాయ గోక్కున్నడు, మెల్లగ నా దిక్కు సూసిండు.

"ఏంది?" అన్న.

"నీ లంగనాడ గట్టిదేనా?" అన్నడు.

ఇజ్జత్ తీసిండక్కా! ఏం జేస్త మరి, ఒక చెట్టు సాటుకు పోయి తీసిచ్చిన. చీర రెండు చేతులతోటి పట్టుకొని కూసున్న, ఆ నాడతోటి జనగామ దాక వచ్చినం. వాడకట్టోళ్లందరికి చెప్పిండు, బెల్టు లేకుంటనే బండి తెచ్చిన అని. నాడ పేరెత్తలే, గదొక్కటి మంచిగ చేసిండు.

ఇగ స్టార్టింగ్. సెల్ఫ్ ఎప్పుడో పోయింది. ముందట హ్యాండిల్ పెట్టి తిప్పితే అది ఎనకకు తన్ని ఆయన మణికట్టు ఇరిగింది. గప్పటి సంది ఒక్కటే ఉపాయం. ఎక్కడికి పోయినా వాలు మీద ఆపాలె. మళ్ల వచ్చేటప్పుడు జారనిచ్చి గేర్ల ఎయ్యాలె, బుర్రుమని లేస్తది. కిరాయి ఇల్లు సూడబోతె నేను నల్లా నీళ్లు వస్తయా అని సూసిన, ఆయన వాకిలి ముందట వాలు ఎంతున్నదని సూసిండు. సుట్టాలు గుడ గట్లనే తేలిండ్రు. ఎత్తు మీద ఇల్లున్నోళ్ల ఇంటికి నెలకోసారి పోతుంటిమి. నా సొంత అక్క ఇల్లు సాపు జాగల ఉండె, మూడేండ్లు పోలే. "మా మీద ఏం కోపమే?" అని ఆమె ఉత్తరం రాసింది. ఏమని జవాబు రాయాలె?

వాలు మీద ఆపితె బండి జారకుంట టైరు ముందట రాయి పెట్టాలె. హ్యాండ్‌బ్రేక్ తీగ సాగిపోయి అది ఉత్త సోకుకే ఉండె. గేర్ల ఉంటె కొంత ఆగుతది గని నమ్మరాదు. ఆ రాయి డ్యూటీ నాది. నలుపలకల నల్లరాయి, ఐదు శేర్లుంటది, నా కాళ్ల కాడ పెట్టుకొని కూసునేదాన్ని. పట్టుచీర కట్టినా అంతే. పెండ్లిళ్లకు పోతె అందరు నవ్వుకుంట ఎదురొచ్చేటోళ్లు, నేను వంగి రాయి పెడుతుంటి.

అన్ని ఓర్సుకున్న. గని చిన్నపిల్ల పుట్టినప్పుడు ఓర్సుకోలే.

పొద్దుగాలనే నొప్పులు మొదలైనయి. దవాఖానకు తీస్కపోతనని కారు తీసిండు. వాలు మీద జారింది, లేవలే. కిందికొచ్చి సాపు జాగల నిలబడ్డది. వాడకట్టంత నూకవట్టిరి. ఈయన బానెట్ ఎత్తి ప్లగ్గులు విప్పి తుడుస్తున్నడు. నేను లోపట ఒర్రుతున్న, ఆయన "ఒక్క నిమిషం సుగుణా, ఒక్క నిమిషం!" అంటున్నడు. ఆఖరికి మా అత్తమ్మ పక్కింటోళ్ల ఎడ్లబండి కట్టిచ్చి తీస్కపోయింది. పిల్ల పుట్టినంక గంటకు దవాఖాన ముందట బుర్రుమని సప్పుడు. వచ్చిండు! మొకమంత గ్రీసు, గ్రీసు నిండ నవ్వు.

"సూసినవా, లేసింది!" అన్నడు.

పిల్లను సూడకముందు గా మాట అన్నడక్కా! నాకు ఒళ్లు మండింది. "ఇగ ఇంట్ల అదన్న ఉండాలె, నేనన్న ఉండాలె" అన్న. మూడోనాడు గోడ దిక్కు సూసుకుంట "అమ్ముదాం తియ్" అన్నడు.

బయ్యారం దిక్కు లారీలు తిప్పే కాంట్రాక్టర్ ఒకాయన ఉండె. పాత విలాయతి బండ్లంటె పానం ఇస్తడు. మనిషి మంచోడు, మా కారును ఎప్పటి సందో అడుగుతుండె. లింగాల ఘనపూర్ పక్కన మా అత్తగారి పల్లెల కుంట నిండింది, ఊరోళ్లు కుంటకట్ట మీద కట్టమైసమ్మ పండుగ చేస్తున్నరు. "దావత్‌కు రాండ్రి, బండి సూసుకొని నచ్చితె అట్లనే తీస్కపోండ్రి" అని మా ఆయన కబురు పెట్టిండు.

ఆ ముందటి రెండు దినాలు ఆఫీసుకు సెలవు పెట్టి కారును కడిగిండు, తుడిసిండు, లోపట సీట్ల చినుగులు కుట్టిండు. తాలూకా ఆఫీసుల గుమాస్తా, ఇంట్ల చొక్కా గుండీ కుట్టుకోడు, కారు సీటు కుట్టిండు! ఆడపిల్లను అత్తగారింటికి తోలిచ్చెటోళ్ల లెక్కనే ఉండె మొకం. నాకు జాలి కాలే, ఇగ పీడ పోతున్నదని సంబురం.

"మరి ఆయన హ్యాండ్‌బ్రేక్ సూస్తడు గదా?" అని అడిగిన.

"బాగు చేసిన. కొత్త తీగ ఏసిన. ఇగ నీ రాయితోటి గుడ పని లేదు" అన్నడు.

సరే, దావత్ నాడు పోయినం. కట్ట అవతలి దిక్కు పొలాలల్లకు దిగే బండ్లబాట ఉంటది, మంచి వాలు. దాని మొదట్ల ముక్కు కిందికి పెట్టి ఆపిండు. గేర్ల ఏసిండు, హ్యాండ్‌బ్రేక్ గుంజిండు. నేను అలవాటు కొద్ది దిగి రాయి పెట్టిన.

మైసమ్మకు మొక్కినం, కోడిని కోసినం, ఇగ వంట. పొయ్యికి మూడు రాళ్లు కావాలె. ఊరంత అక్కడనే వండుకుంటున్నది, మాకంటె ముందొచ్చినోళ్లు కట్టమీద రాళ్లన్ని ఏరుకపోయిండ్రు. రెండు దొరికినయి, ఎంత తిరిగినా మూడోది లేదు. మా అత్తమ్మ గంజు పట్టుకొని ఒక్కటే ఒర్రుడు.

"ఓ సుగుణా! కాంట్రాక్టర్ సాబు వచ్చే యాళ్లయింది. రాయి దేవులాడబోయినవా, గుట్ట తవ్వబోయినవా?"

గప్పుడు నా కండ్లు కారు టైరు మీద పడ్డయి. నలుపలకల రాయి. పొయ్యికోసమే కొట్టినట్టున్నది.

ఆలోచించిన, అబద్ధం ఎందుకు చెప్పాలె. బ్రేకు బాగు చేసిన అన్నడు గదా. రాయితోటి పని లేదన్నడు గదా. ఏడేండ్ల సంసారంల ఆయన రిపేరును నేను నమ్మింది గా ఒక్కసారే! మెల్లగ తీసిన. కారు కదలలే. పది లెక్కపెట్టుకుంట సూసిన, కదలలే. ఫర్వలేదు, మా ఆయన పనిమంతుడే అని మురిసిన గుడ. రాయి తెచ్చి పొయ్యి పెట్టిన, గంజెక్కిచ్చిన.

కాంట్రాక్టర్ సాబు జీపుల వచ్చిండు. తెల్లటి ధోతి, తెల్లటి లాల్చి, ఇస్త్రీ మడత నలగలే. మా ఆయన కారు సుట్టు తిప్పుకుంట అన్ని చెప్తున్నడు. "గీ బోల్టు నేను ఆకురాయితోటి అరగదీసి చేసిందే అన్నా. గీ రబ్బరు సైకిల్ ట్యూబుది. గీ సప్పుడున్నది సూడు, అది రోగం కాదు, దాని గొంతే అంత." నేను కూర కలుపుకుంట ఇంటున్న. గంటె చేతిల ఆగింది. అన్నేండ్లు ఆయన బండి కింద పండుకొని చేసిన పనంత ఒక్కొక్కటే లెక్క చెప్పి ఇంకొకల చేతిల పెడుతున్నడు.

"తమ్మీ, జర కూసొని సూస్త" అన్నడు కాంట్రాక్టర్. మా ఆయన తలుపు తీసి కూసోబెట్టి, బయటి నుంచి తలుపేసి, నీళ్లకు నా కాడికొచ్చిండు. కండ్లు తడి.

"ఏమాయె?" అన్న.

"పొగ" అన్నడు. పొగ అవతలి దిక్కు పోతున్నది.

అక్కడ కాంట్రాక్టర్ సాబు గేర్ రాడ్ ఎట్లున్నదో అని అటు ఇటు కదిపి, నడిమిట్ల ఇడిసిపెట్టిండు. గేరు పోయింది, రాయి లేదు. ఇగ ఏముంటది? జారవట్టె!

మొదలు మెల్లగ. ఆయన బ్రేకు తొక్కిండు, ఒక్కసారి. నాలుగుసార్లని ఎవలు చెప్పాలె పాపం? భయానికి హారన్ మీద చెయ్యేసిండు, వైపర్ టకటక ఊగవట్టె. మా ఆయన చెంబు పారేసి ఉరికిండు. "అన్నా, తొక్కు! నాలుగుసార్లు తొక్కు!" ఆయనకు హారనే ఇనబడుతున్నది. నేను గంటె పట్టుకొని ఎనుక ఉరికిన. కింద బాట వంకర తిరుగుతది, కారు తిరగలే. సక్కగ పోయి, ఒడ్డు దుంకి, దమ్ము చేసి పెట్టిన మడిల ధబ్బుమని దిగింది. నాట్లేసే ఆడోళ్లు అప్పుడే బువ్వకు ఒడ్డెక్కిండ్రు, బతికిపోయినం. కారు తలుపుల నడుమ దాక బురదల కూసున్నది. ఇంక హారన్ మోగుతనే ఉన్నది, వైపర్ ఊగుతనే ఉన్నది.

ఒడ్డు మీద ఒక ముసలవ్వ ముద్ద చేతిల పట్టుకొనే లేసింది. "ఓ నాయినో! మా మడిల కారు నాటిండ్రు గదనే! ఎన్ని నెలలకు కోతకొస్తదో ఏమో!"

అందరు నవ్వుతున్నరు. నేను మాత్రం "నా కారు! అయ్యో నా కారు!" అని ఒర్రుకుంట మోకాళ్ల దాక బురదల దిగి బానెట్ పట్టుకొని ఏడ్సిన. నాకు సోయి లేదు, తెల్లారి మా అత్తమ్మ చెప్పింది. అమ్ముమని కొట్లాడింది నేనే, ఏడ్సింది నేనే!

కాంట్రాక్టర్ సాబు తలుపు గుంజి గుంజి, ఆఖరికి కిటికిల నుంచి బయటికొచ్చిండు. ముందుగాల తలకాయ, తర్వాత పొట్ట, తర్వాత బురదల బొర్ల. తెల్లబట్టలు ఏ రంగైనయో మీరే అనుకోండ్రి. దెబ్బ మాత్రం తాకలే. తిడుతడు అనుకున్న. లేసి రెండు చేతులు జోడిచ్చిండు.

"తప్పు నాదే తమ్మీ. ఊకుండక గేరు కదిపిన. పానం లెక్క సూసుకున్న బండిని బురదల ఏసిన. మాఫ్ చెయ్యి చెల్లె!"

నేను కట్ట మీదికి సూసిన. గంజు కింద మూడు రాళ్లు. నోరు తెరిసిన, మూసిన. మా ఆయన దిక్కు సూసిన. ఆయన గుడ నోరు తెరిసి మూసిండు. తర్వాత "పోనియ్ అన్నా, బండే గదా, మనిషి బాగున్నడు సాలు" అన్నడు. ఎంత పెద్దమనసు నా మొగనికి అనుకున్న!

పాపం ఆ మనిషి మా ఆయన లుంగీ కట్టుకొని, నా దొంగరాయి మీద ఉడికిన కూరనే తిని, మంచిగైందని రెండోసారి ఏయించుకున్నడు. తెల్లారి తన లారీ, మోకులు, మనుసులను తోలిండు. బండిని గుంజి, కడిగి, జనగామ షెడ్డుల దింపి, "ఇది మిమ్మల్ని ఇడిసి రానంటున్నది. మీరే ఉంచుకోండ్రి" అని కబురు చేసిండు. కారు మా ఇంట్లనే ఉన్నది.

నేను రాయిని మసి పోయేటట్టు చింతపండుతోటి తోమి, సప్పుడు లేకుంట కారుల పెట్టిన. మా ఆయన, ఉస్తాద్ కలిసి రెండు నెలలు ఇంజన్ విప్పిండ్రు. కార్బొరేటర్ల నుంచి వరి నారు ఒక పోస ఎల్లింది! నేను పక్కన కూసొని నట్లు కిరసనాయిల్ల కడిగిచ్చిన. ఏ నట్టు ఎక్కడిదో నాకు గప్పుడే తెలిసింది. మొదటిసారి లేసినప్పుడు ఆయన కంటె నేనే ఎక్కువ ఎగిరిన. ఆ ఎనభైలల్ల అది మా పిల్లలను బడికి తీస్కపోయింది, వాడకట్టు ఆడోళ్లను కాన్పులకు తీస్కపోయింది, సగం మందిని నూకిచ్చుకుంటనే అనుకో. ఉస్తాద్ కాలం చేసినంక దాని రోగం తెలిసినోడు లేకపాయె. ఇప్పటికి దారిల ఎక్కడన్న గసొంటి ఇంజన్ సప్పుడైతె ఇద్దరం ఒక్కసారే తల తిప్పుతం.

ఇగ ఇంట్ల సంగతి. పాపం మోస్తున్న గదా, "అమ్ము" అన్న మాట మళ్ల నా నోట్లకెళ్లి రాలే. ఎంత సతాయించినా గమ్మునుంటి. ఆయన గుడ మారిండు. చెప్పకముందే బోరింగ్ నీళ్లు తెచ్చుడు, పిల్లను ఎత్తుకొనుడు, నన్ను వరంగల్‌కు సినిమాకు తీస్కపోవుడు. అదిగుడ బస్సుల! పదేండ్లు మా ఇంట్ల గొంతు లేవలే. "సంసారమంటె సుగుణోళ్లది" అని వాడకట్టంత అనుకునేది. మా అత్తమ్మ మాత్రం "ఏమైందే మీ ఇద్దరికి, పానం బాగుందా?" అనేది.

మొన్న ఐతారం మా చిన్నల్లుడు కొత్తకారు తెచ్చిండు. "అత్తమ్మా, హ్యాండ్‌బ్రేక్ లేదు, గీ బటన్ ఒత్తితె ఏ గుట్టమీదనన్న ఆగుతది" అన్నడు. నాకు నవ్వాగలే. "గప్పుడు గిదుంటె నేను రాయి తీసినా ఏం గాకపోవు" అన్న. అన్నంక నాలిక కరుసుకున్న.

మా ఆయన చాయకప్పు కింద పెట్టిండు. "రాయి నువ్వు తీసినవా?"

ఇగ దాసేదేముంది, చెప్పేసిన. "నువ్వు బ్రేకు బాగు చేసిన అన్నవు గదా, నమ్మిన."

ఆయన మొకం పాలిపోయింది. "బాగు చెయ్యలే సుగుణా. తీగ దొరకలే. నువ్వు ఊకుంటవని గట్ల అన్న. ఎట్లైనా నువ్వు రాయి పెడుతవు గదా అనుకున్న. రాయి జారిందేమో, నా అబద్ధానికి ఒక మనిషి పానం పోతుండెనని ఇన్నేండ్లు నాలో నేనే సచ్చిన."

గా నీళ్లు, గా సినిమాలు అందుకట! నేనేమో ప్రేమ అనుకున్న!

ఇగ సూడు లొల్లి. "రాయి తీసి పొయ్యికి పెట్టినవు, నీకు బుద్ధుందా?" అని ఆయన. "ఏసిన తీగ ఏది, సూపియ్యి" అని నేను. గా పదేండ్లు దాసుకున్న తిట్లన్ని ఐదు దినాలల్ల తిట్టుకున్నం. నిన్న పొద్దుటి సంది మాటలే లేవు. లేకపోతె పొద్దుగాలనే నీ ఇంటికి చాయకు నేనెందుకొస్త?

నిన్న మాపటీలి అల్లుడు మళ్ల వచ్చిండు. రాజీ చేస్తడట. నేను ఈ మంచం మీద, ఆయన ఆ మంచం మీద, ఎడమొకం పెడమొకం. "అత్తమ్మా, మామయ్యా, నేనొక మంచిపని చేసిన. బయ్యారంల ఆ కాంట్రాక్టర్ తాత ఇంక బతికే ఉన్నడట, ఫోన్ నంబర్ దొరికింది. పాపం అన్నేండ్లు తన తప్పే అనుకున్నడు గదా, ఇప్పుడే కలుపుత, నిజం చెప్పేసుకోండ్రి" అని ఫోన్ తీసిండు.

ఇద్దరం ఒక్కసారే ఉరికి ఆ ఫోన్ గుంజుకున్నం.